ఫ్లెక్సీ మీద చారలు, రంగు మార్పు: ఈ పెద్ద మిషన్లు అసలు ఎట్టా కొడతాయి?

కొర్లగుంట_ట్యూషన్
మా ట్యూషన్ సెంటరుకు 20 అడుగులు × 10 అడుగుల బోర్డు కొట్టించినాను. ల్యాప్‌టాప్‌లో చూస్తే చిలకపచ్చ, వంగపూవు రంగు మెరిసిపోతా ఉన్నాయి. ఫ్లెక్సీ మీదికి వచ్చేసరికి పచ్చ వాడిపోయింది, ఊదా పోయి పోయి నీలంలో కలిసింది. దానికి తోడు పైనుంచి కిందికి నిలువుగా సన్నటి తెల్లచారలు. దగ్గరికి పోతే అంతా చుక్కలే.

షాపాయన "మిషన్ అంతే సార్" అన్నాడు. ఇంకో షాపులో ఎకో సాల్వెంట్ అయితే ఈ బాధ ఉండదన్నారు. మూడో చోట యూవీ అన్నారు. చెన్నైలో ఉండే మా తోడల్లుడు లేటెక్స్ తప్ప ఏదీ వద్దంటాడు. రేట్లు చూస్తే ఒకదానికొకటి పొంతన లేదు. ఇవన్నీ ఏంది? ఇంట్లో ఉండే చిన్న ప్రింటరు లాగానే పని చేస్తాయా? తెలిసినోళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

అలిపిరి_మెట్టు
ఏ షాపన్నా? పేరు చెప్తే మేం గూడా జాగ్రత్త పడతాం.

కొర్లగుంట_ట్యూషన్
పేరు వద్దులే. రోజూ ఎదురుపడే మనుషులు. నాకు విషయం తెలిస్తే చాలు.

నల్లసిరా
చానా కాలంగా ఫ్లెక్స్ మిషన్ మీదే ఉండాను, తిరుపతిలోనూ చిత్తూరులోనూ. ముందు చారల సంగతి చెప్తా.

ఇంట్లో ప్రింటరుకూ దీనికీ మూలం ఒకటే, సిరాను చుక్కలుగా చిమ్మడం. తేడా అంతా చిమ్మే పద్ధతిలో, సిరాలో ఉంది. మన ఊర్ల ఫ్లెక్స్ మిషన్లలో ఎక్కువగా కనిపించేది కోనికా 512 హెడ్, అంటే సిరా చిమ్మే భాగం. ఒక్కో హెడ్‌కు 512 నాజిళ్ళు, అంటే సన్నటి రంధ్రాలు. లోపల పీజో పలక ఉంటుంది. దానికి కరెంటు పల్స్ అందితే వంగుతుంది, పక్కన ఉన్న సిరాను నొక్కుతుంది, ఒక్క చుక్క బయటికి ఎగురుతుంది. ఇది సెకనుకు వేల సార్లు జరుగుతుంది. హెడ్ ఫ్లెక్స్‌ను తాకదు, రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తులో పోతా చల్లుకుంటా పోతుంది. హెడ్ రకాన్ని బట్టి చుక్క 14 పీకోలీటర్లో 42 పీకోలీటర్లో ఉంటుంది. పీకోలీటర్ అంటే లీటరులో లక్ష కోట్లో వంతు.

హెడ్లన్నీ ఒకే క్యారేజీ మీద ఉంటాయి. అది రోల్ వెడల్పు వైపు అటూ ఇటూ పరిగెత్తుతుంది. అట్టా ఒకసారి పోవడాన్ని పాస్ అంటాం. ఒక పాస్ అయినాక రోలర్ ఫ్లెక్స్‌ను కొంచెం ముందుకు జరుపుతుంది. ఆ జరిపే కొలతను స్టెప్ అంటాం. స్టెప్ వెంట్రుకవాసి ఎక్కువైతే రెండు పాసుల మధ్య ఖాళీ మిగిలి తెల్లచార వస్తుంది. తక్కువైతే ఒకదాని మీద ఒకటి పడి ముదురుచార వస్తుంది. మామూలు ఫ్లెక్స్ మిషన్ పదిన్నర అడుగుల వెడల్పు, అంటే 3.2 మీటర్లు. మీ బోర్డులో 10 అడుగుల వైపు రోల్ వెడల్పులో పడింది, అందుకే చారలు నిలువుగా వచ్చినాయి.

ఒకటి చూసి చెప్పండి. చారలు సమాన దూరంలో, అన్ని రంగుల్లోనూ ఉన్నాయా? లేకుంటే ఒక్క మెజంటా (గులాబీ ఎరుపు)లోనో ఒక్క సయాన్ (పచ్చ కలిసిన లేత నీలం)లోనో ఉన్నాయా? ఒక్క రంగులోనే గీత పోతా ఉంటే నాజిల్ మూసుకుపోయిందని.

కొర్లగుంట_ట్యూషన్
ఇప్పుడే పోయి చూసొచ్చినా. సమాన దూరమే, అన్ని రంగుల్లోనూ ఉంది.

నల్లసిరా
అయితే స్టెప్పే. రోల్ మార్చిన ప్రతిసారీ అది సరిచూడాల, ఎందుకంటే ఒక్కో రోల్ మందం వేరు, జారుడు వేరు. పైగా ఒక్కో చోటును నాలుగు పాసుల్లో నింపే బదులు రెండు పాసుల్లో కొట్టుంటారు. పాసులు ఎక్కువుంటే ఒక పాస్‌లో మిగిలిన సందును తర్వాతి పాస్ నింపుతుంది. పాసులు సగం చేస్తే మిషన్ రెట్టింపు వేగంగా పోతుంది గానీ తప్పు దాక్కునే చోటు ఉండదు. "మిషన్ అంతే" అనడం న్యాయం కాదు. నాజిల్ చెక్, స్టెప్ టెస్ట్ రెండూ కలిపి పది నిమిషాల పని.

తాతయ్యగుంట77
గంగజాతర వారంలో ఆ పది నిమిషాలు ఎవరిస్తారన్నా? ఆర్డరిచ్చినోళ్ళు షాపు ముందర బండి స్టార్ట్ చేసి పెట్టుకోని నిలబడుంటారు.

నల్లసిరా
నిజమే తమ్ముడూ. జాతర, వినాయక చవితి, ఎలక్షన్లు, ఈ మూడింటప్పుడూ రెండు పాసులే. ట్యూషన్ బోర్డుకు ఆ తొందర లేదు కదా, అందుకే నాకు బాధ.

డీటీపీ_సుబ్బు
రంగు సంగతి నేను చెప్తా, ఇది ఆపరేటర్ల మీద వేయకండి.

స్క్రీన్ తానే వెలుగుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు కలిపి రంగు చూపిస్తుంది. ఫ్లెక్స్ మీది సిరాకు సొంత వెలుగు లేదు. మీద పడిన వెలుగులో కొంత మింగేసి, మిగిలింది వెనక్కి పంపుతుంది. ఉండేది నాలుగు సిరాలు: సయాన్, మెజంటా, యెల్లో, బ్లాక్. స్క్రీన్ మీది చిలకపచ్చ, మెరిసే నారింజ ఈ నాలుగింటితో ఎంత కలిపినా రావు. డిజైన్ మొదటి నుంచీ సీఎంవైకే (ఈ నాలుగు సిరాల) మోడ్‌లో చేస్తే ఏది రాదో ముందే తెలిసిపోతుంది. ఆర్‌జీబీ (స్క్రీన్ రంగుల)లో చేసి పంపితే, అక్కడ ఫైల్‌ను చుక్కలుగా మార్చి మిషన్‌కు ఇచ్చే రిప్ సాఫ్ట్‌వేర్ తనకు తోచిన దగ్గరి రంగుకు మార్చేస్తుంది.

ఊదా గురించి. సయాన్ 100 శాతం, మెజంటా 100 శాతం పెట్టుంటారు, అది కచ్చితంగా నీలం వైపు పోతుంది. మెజంటా 100 ఉంచి సయాన్‌ను 70 దాకా దించండి, ఊదా నిలబడుతుంది. పెద్ద నల్ల బ్యాక్‌గ్రౌండ్ కావాలంటే బ్లాక్ 100 ఒక్కటే చాలదు, బూడిద రంగుగా కనిపిస్తుంది, మిగతా మూడూ కొంచెం కొంచెం కలపాల. అట్టాని నాలుగూ 100 పెడితే సిరా ఆరదు, చుట్టినప్పుడు ఫ్లెక్స్ వెనక వైపుకు అంటుకుంటుంది.

స్వర్ణముఖి_ఒడ్డు
తెలుపు మాటేంది? అది ఏ సిరా?

డీటీపీ_సుబ్బు
ఈ మిషన్లలో తెల్ల సిరా ఉండదు. తెలుపు కనిపించిన చోట సిరా పడలేదని అర్థం, అది ఫ్లెక్స్ తెలుపు. అందుకే పాత స్టాకు, పసుపు తిరిగిన రోల్ మీద కొడితే అన్ని రంగులూ పసుపు వైపు లాగుతాయి.

ఫోటోషాప్_రెడ్డి
రంగు సరే. చుక్కలు కనిపించినాయంటే ఫైల్‌లోనే తప్పుంది. బోర్డుకు ఎప్పుడైనా 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు ఉండాల్సిందే. తక్కువ పెడితే ఇట్టాగే వస్తుంది.

నల్లసిరా
300 పెట్టి 20 అడుగుల ఫైల్ పంపితే రిప్ తెరుచుకునేసరికి మధ్యాహ్నం అయిపోతుంది సామీ.

ఫిజిక్స్_మేడం
లెక్క వేసి చూద్దాం. 20 × 10 అడుగులంటే 240 × 120 అంగుళాలు. 300 డీపీఐ అంటే 72,000 × 36,000, మొత్తం 259 కోట్ల పిక్సెళ్ళు. నాలుగు రంగులకు పిక్సెల్‌కు నాలుగు బైట్ల చొప్పున 10 జీబీ దాటుతుంది. 72 డీపీఐ అయితే 15 కోట్ల పిక్సెళ్ళు, 600 ఎంబీ.

ఇప్పుడు కన్ను వైపు నుంచి చూడండి. మామూలు చూపున్న మనిషి ఒక డిగ్రీలో 60వ వంతు కోణం వరకే రెండు చుక్కలను విడివిడిగా పట్టగలడు. మీటరు దూరంలో ఆ కోణం 0.29 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి 87 చుక్కలు. అడుగు దూరంలో చేతిలో పట్టుకుని చూసే కార్డుకైతే అంగుళానికి సుమారు 290. పుస్తకాలకు, పెళ్ళి పత్రికలకు 300 అడగడంలో ఉన్న న్యాయం అదే. 30 అడుగుల అవతల రోడ్డు మీద నిలబడి చూస్తే అంగుళానికి పది చుక్కలు దాటితే కన్నుకు తేడా తెలియదు. 72 డీపీఐ బోర్డుకు ఎక్కువే గానీ తక్కువ కాదు.

ఇంకొక్క మాట. ట్యూషన్ సారు చూసిన చుక్కలు ఫైల్‌లోవి కాకపోవచ్చు. సిరా నాలుగే రంగులు కాబట్టి లేత రంగు కావాలంటే చుక్కలను దూరం దూరంగా చల్లడమే దారి. దగ్గరికి పోయి చూస్తే ఏ ఫ్లెక్స్ మీదైనా అవి కనిపిస్తాయి. ముఖాల మీద, ఆకాశం మీద ఇంకా ఎక్కువ.

నల్లసిరా
సరిగ్గా చెప్పినారు మేడం. అందుకే కొన్ని మిషన్లలో లైట్ సయాన్, లైట్ మెజంటా అని ఇంకో రెండు సిరాలు పెడతారు. ముఖాలు నున్నగా వస్తాయి.

ఫోటోషాప్_రెడ్డి
మేడం లెక్క ఒప్పుకుంటా. కానీ మా షోరూంలో కౌంటరు వెనక అతికించే పోస్టరును మనుషులు మూడు నాలుగు అడుగుల నుంచి చూస్తారు. దానికి 72 పెడితే అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. నేను చూసి చెప్తున్న మాట ఇది.

ఫిజిక్స్_మేడం
దానికి 100 నుంచి 150 పెట్టండి, సరిపోతుంది. అక్షరాలను మాత్రం బొమ్మగా మార్చకుండా వెక్టర్‌గానే, అంటే గీతల రూపంలోనే ఉంచితే ఏ సైజుకైనా అంచు నున్నగా ఉంటుంది.

తాతయ్యగుంట77
మా వీధిలో అన్నల ఫోటోలు వాట్సాప్‌లో వస్తాయి, వాటిని 20 అడుగులకు లాగమంటారు. దానికి ఏ లెక్క మేడం?

ఫిజిక్స్_మేడం
1600 పిక్సెళ్ళ ఫోటో 240 అంగుళాలకు సాగితే అంగుళానికి ఏడు కూడా రావు. వాట్సాప్‌లోనే డాక్యుమెంట్‌గా పంపమనండి, ఫోటో కుదించుకుపోదు.

తాతయ్యగుంట77
కింద వరసలో ఉండే చిన్న అన్నలకైతే ఏడు గూడా జాస్తే. గుంపులో తల కనిపిస్తే చాలు, సంతోషపడిపోతారు.

కాణిపాకం_రోడ్డు
చర్చ మధ్యలో అడుగుతున్నా. మా వీధి వినాయకుడి బ్యానర్‌లో "శ్రీ"కి రావత్తు ఊడిపోయి పక్కకొచ్చి కూర్చుంది. "స్వామి"లో వత్తు గూడా అంతే. ఇది మిషన్ తప్పా, డిజైనర్ తప్పా?

డీటీపీ_సుబ్బు
మిషన్‌కు తెలుగు తెలియదు, ఇంగ్లీషూ తెలియదు, దానికి చుక్కలే. ఇది ఫైల్ దగ్గర జరిగింది. రెండు రకాలుగా జరుగుతుంది. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఒక్కో తెలుగు ముక్కను ఒక్కో ఇంగ్లీషు అక్షరం చోట కూర్చోబెట్టినారు. షాపు కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే మొత్తం పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. అదే యూనికోడ్‌లో టైపు చేసి ఫోటోషాప్‌లో అతికిస్తే, అక్కడ మన లిపులను సరిగ్గా కూర్చే వరల్డ్ రెడీ లేఅవుట్ అనే సెట్టింగు ఎంచుకోకపోతే వత్తులు ఊడి పక్కన పడతాయి. మీకు జరిగింది రెండోది.

దేనికైనా మందు ఒకటే. మ్యాటర్ ఒకటికి రెండుసార్లు చదివి, కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో అయితే కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చేసి పంపండి. అక్షరాలు గీతలుగా మారిపోతాయి, ఏ కంప్యూటర్‌లో తెరిచినా చెక్కుచెదరవు. దేవుడి పేరులో వత్తు ఊడితే చూసేవాళ్ళకు ఎంత నొప్పిగా ఉంటుందో నాకు తెలుసు, అందుకే మా షాపులో కర్వ్స్ చేయని ఫైల్ తీసుకోం.

కాణిపాకం_రోడ్డు
వచ్చే చవితికి మా పిల్లోళ్ళకు ఇదే చెప్తా. ఉపకారం.

కొర్లగుంట_ట్యూషన్
చారలు, రంగు రెండూ అర్థమైనాయి. ఎకో సాల్వెంట్, యూవీ, లేటెక్స్ సంగతి ఎవరైనా చెప్పండి.

రేణిగుంట_సైన్‌బోర్డు
నాది సైన్‌బోర్డుల పనే, నాలుగు రకాలూ వాడతాను. రేటు తేడా ఎక్కడ పుడుతుందంటే సిరా దేని మీద ఎట్టా పట్టుకుంటుంది అనే దగ్గర.

మామూలు ఫ్లెక్స్ సిరా సాల్వెంట్ సిరా. అందులో రంగుపొడిని మోసేది సైక్లోహెక్సనోన్ లాంటి ఘాటు ద్రావకం. ఫ్లెక్స్ అంటే పాలిస్టర్ దారపు అల్లికకు రెండు వైపులా పీవీసీ అనే ప్లాస్టిక్ పూత. ద్రావకం ఆ పీవీసీ పైపొరను కొంచెం కరిగిస్తుంది, రంగు అందులోకి దిగుతుంది, ద్రావకం గాలిలోకి పోతుంది. రంగు ఫ్లెక్స్‌లో భాగం అయిపోతుంది కాబట్టి వాన పడినా పోదు. చవక, వేగం, బయట గట్టిగా నిలుస్తుంది. పెద్ద హోర్డింగుకు ఇప్పటికీ ఇదే సరి.

ఎకో సాల్వెంట్‌లో ద్రావకం మెత్తన, వాసన తక్కువ. దానంతట అది తొందరగా ఆరదు, అందుకే మిషన్ ముందూ వెనకా హీటర్లు ఉంటాయి. హెడ్లు సాధారణంగా ఎప్సన్‌వి, చుక్క చాలా చిన్నది. వినైల్ (జిగురు పూసిన ప్లాస్టిక్ షీటు) మీద, గోడ స్టిక్కర్ల మీద, కారు స్టిక్కర్ల మీద దీని పనితనం చూడాల. మిషన్ వెడల్పు మాత్రం ఐదారు అడుగులే ఎక్కువ. 10 అడుగుల బోర్డుకు రెండు ముక్కలు అతకాలి.

లేటెక్స్‌ను 2008లో హెచ్‌పీ తెచ్చింది. సిరా నీళ్ళతో చేసింది, అందులో సన్నటి పాలిమర్ రేణువులు ఉంటాయి. వేడి తగిలితే నీళ్ళు ఆవిరై, రేణువులు కరిగి రంగు మీద పొరగా పరుచుకుంటాయి. మిషన్ నుంచి బయటికి వచ్చేసరికి పూర్తిగా ఆరుంటుంది, వాసన దాదాపు ఉండదు. హెడ్ గూడా వేరే. నల్లసిరా అన్న చెప్పిన పీజో కాదు, లోపల చిన్న హీటర్ సిరాను ఉడికించి బుడగ పుట్టిస్తుంది, ఆ బుడగ చుక్కను తోస్తుంది. ఆసుపత్రి గదులకు, స్కూళ్ళ లోపలికి లేటెక్స్‌ను మించింది లేదు.

యూవీ అంటే అతినీలలోహిత వెలుగు. అందులో ఆరడం అనేదే లేదు. సిరా ద్రవంగా పడుతుంది, క్యారేజీకి పక్కనే ఉన్న యూవీ దీపం తగలగానే గట్టిపడి ప్లాస్టిక్ అయిపోతుంది. దేంట్లోకీ ఇంకాల్సిన పని లేదు కాబట్టి గాజు, చెక్క, టైల్స్, రేకు, దేని మీదైనా కొట్టొచ్చు, తెల్ల సిరా గూడా ఉంటుంది. మడతపెట్టే సరుకు మీద మాత్రం జాగ్రత్త, సిరా పొర గట్టిది కాబట్టి పగుళ్ళు రావచ్చు.

ట్యూషన్ బోర్డుకు ఇవేవీ అక్కర్లేదు. స్టార్ ఫ్లెక్స్ అనే మెరుగైన రకం మీద సాల్వెంట్‌తోనే నాలుగు పాసులు కొట్టమనండి.

అలిపిరి_మెట్టు
యూవీ అంటే ఎండకు రంగు పోదని అనుకున్నా ఇన్నాళ్ళూ.

రేణిగుంట_సైన్‌బోర్డు
చానా మంది అట్టే అనుకుంటారు, కొందరు షాపులోళ్ళు దిద్దరు గూడా. యూవీ అనేది సిరాను గట్టిపరిచే పద్ధతి మాత్రమే. రంగు నిలిచేది అందులో వేసిన రంగుపొడి నాణ్యతను బట్టి.

బ్రష్_మాస్టర్
ఎండ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా నాన్న చిత్తూరులో బోర్డులు రాసేవాడు. ఎనామెల్ పెయింటుతో రాసిన అక్షరాలు ఏళ్ళ తరబడి నిలిచేవి. 2000 తర్వాత ఫ్లెక్స్ వచ్చింది, రాసేవాళ్ళ పని పోయింది. ఇప్పుడు రెండు ఎండాకాలాలకే బోర్డులన్నీ నీలంగా మారిపోతా ఉన్నాయి. సయాన్ మాత్రమే ఎందుకు మిగులుతుంది?

నల్లసిరా
సయాన్‌లో వాడేది థాలోసయనిన్ అనే రంగుపొడి, ఎండకు బాగా ఓర్చుకుంటుంది. బ్లాక్‌లో ఉండేది కార్బన్, దానికీ ఏం కాదు. యెల్లో, మెజంటా రంగుపొడులు ఎండలోని యూవీకి ముందు విరిగిపోతాయి. ముఖాల్లో ఉండేది యెల్లో, మెజంటానే కాబట్టి ముందు మనుషులే పాలిపోతారు. చవక సిరాలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. సిరా బ్రాండు అడిగే కస్టమర్‌ను నేను ఇంతవరకు చూడలేదు, చదరపు అడుగు ఎంత అని మాత్రమే అడుగుతారు.

పెళుసుబారడం వేరే సంగతి. పీవీసీ మెత్తగా ఉండేదానికి కలిపే ప్లాస్టిసైజర్ ఎండకు మెల్లగా బయటికి పోతుంది, పూత పగులుతుంది. తక్కువ జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువు అనే లెక్క) ఉండే చవక ఫ్లెక్స్‌లో సుద్దపొడి ఎక్కువ కలుపుతారు, అది ముందే పగులుతుంది.

బ్రష్_మాస్టర్
వివరం తెలిసింది. మా నాన్న చేతి అక్షరంలో ఉండే వంపు ఫాంటులో రాదనే మాట మీద మాత్రం నేను నిలబడతా.

డీటీపీ_సుబ్బు
ఆ మాట నేనూ ఒప్పుకుంటా మాస్టరూ. ఆ అక్షరాల ఫోటోలు మీ దగ్గర ఉంటే పెట్టండి, గీతలు తీసి పెట్టుకుంటాం. తెలుగులో టైటిల్ అక్షరాలకు నిజమైన కరువు ఉంది.

పుత్తూరు_మగ్గం
2022 ఆగస్టులో విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తామని ప్రకటించినప్పుడు మా వైపు మరమగ్గాలోళ్ళకు ఆశ పుట్టింది. నగరి, పుత్తూరుల్లో నేసే కాటన్ బట్ట మీద నేరుగా బ్యానర్లు కొట్టలేమా? సబ్లిమేషన్ అని ఒకటుందంట, దాంతో బట్ట మీద అద్భుతంగా వస్తుందంటారు.

రేణిగుంట_సైన్‌బోర్డు
సబ్లిమేషన్ పాలిస్టర్‌కే పనికొస్తుంది. ముందు కాగితం మీద అచ్చు వేసి, బట్టతో కలిపి 200 డిగ్రీల దగ్గర ఒత్తుతారు. రంగు గట్టి రూపం నుంచి నేరుగా ఆవిరై పాలిస్టర్ దారంలోకి దూరుతుంది. కాటన్ దారం ఆ రంగును పట్టుకోదు, ఉతికితే పోతుంది.

పుత్తూరు_మగ్గం
అంటే కాటన్‌కు దారే లేదా?

రేణిగుంట_సైన్‌బోర్డు
ఉంది. దారంతో రసాయనికంగా కలిసిపోయే రియాక్టివ్ సిరా, లేకుంటే దారం మీద రంగుపొడి అంటుకునే పిగ్మెంట్ సిరా. రియాక్టివ్‌కు బట్టను ముందు సిద్ధం చేయాల, తర్వాత ఆవిరి పట్టాల, ఉతకాల. బ్యానర్‌కు అంత ఖర్చు ఎవరూ పెట్టరు. పిగ్మెంట్ అయితే వేడితో సరిపోతుంది.

నల్లసిరా
మధ్యే మార్గం ఒకటుంది. పూత వేసిన కాటన్ బట్ట దొరుకుతుంది, దాని మీద మా సాల్వెంట్ మిషన్లతోనే కొట్టొచ్చు. పూత లేకుండా మామూలు గాడాబట్ట పెడితే సిరా దారం వెంట పాకి అక్షరం అలుక్కుపోతుంది. మగ్గాలోళ్ళు ఆ పూత వేయడం నేర్చుకుంటే మన జిల్లాల్లోనే సరుకు తయారవుతుంది, చెన్నై నుంచి రోల్స్ తెచ్చుకునే పని తగ్గుతుంది. ఇది జరగాలని నాకు గట్టిగా ఉంది.

స్వర్ణముఖి_ఒడ్డు
జరిగితే ఏరుకు గూడా మంచిది. జాతర అయినాక కాలవల్లో ఫ్లెక్సీలే. కొంతమంది కాల్చేస్తారు, ఆ పొగ గొంతు పట్టేస్తుంది.

ఫిజిక్స్_మేడం
పీవీసీ కాల్చకూడదు, ఏ పరిస్థితిలోనూ. క్లోరిన్ ఉంటుంది కాబట్టి హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, సరిగా కాలకపోతే డయాక్సిన్లనే విషాలు వస్తాయి.

పీలేరు_రైతు
మా ఊర్లో ఒక్క ఫ్లెక్సీ పారేయరు. పశువుల కొట్టం మీద, గడ్డివామి మీద, టమాటా బాక్సుల మీద అన్నీ అవే. మా ఆవు దగ్గర అన్ని పార్టీలోళ్ళూ ఒకే కప్పు కింద ఉండారు.

తాతయ్యగుంట77
అసెంబ్లీ కంటే ప్రశాంతంగా ఉంటుంది.

స్వర్ణముఖి_ఒడ్డు
@నల్లసిరా అన్నా, ఆ ద్రావకం వాసన మధ్య రోజంతా ఉంటారు కదా, ఏం జాగ్రత్త తీసుకుంటారు?

నల్లసిరా
మంచిది అడిగినావు. ఏసీ పెట్టి తలుపులన్నీ మూసేసిన గదిలో సాల్వెంట్ మిషన్ పెట్టడం మహా తప్పు, తలనొప్పి, కళ్ళ మంట ఖాయం. గాలి బయటికి లాగే ఎగ్జాస్ట్ ఉండాల, హెడ్ ఫ్లష్ చేసేటప్పుడు గ్లౌజులు ఉండాల, మామూలు గుడ్డ మాస్కు ఈ ఆవిరిని ఆపదు, కార్బన్ ఫిల్టర్ ఉండేది కావాల. కొత్తగా పనిలో చేరే పిల్లోళ్ళకు ఓనర్లు ఇవి కొనిపెట్టడం లేదు. ఈ ఫోరంలో షాపు ఓనర్లు ఎవరైనా చదువుతా ఉంటే దయచేసి ఈ ఖర్చు పెట్టండి.

ఫోటోషాప్_రెడ్డి
మా షాపులో ఎగ్జాస్ట్ ఉంది, మాస్కులు లేవు. ఈ వారమే తెప్పిస్తా.

రేణిగుంట_సైన్‌బోర్డు
ట్యూషన్ సార్, మళ్ళీ కొట్టించే ముందు ఒకటి. 20 × 10 బోర్డు దేనికి బిగించారు?

కొర్లగుంట_ట్యూషన్
మేడ మీద పిట్టగోడకు సర్వి కట్టెలు కట్టి, అంచు రంధ్రాల రింగులకు (ఐలెట్లకు) తాడుతో.

ఫిజిక్స్_మేడం
సార్, వెంటనే మార్చండి. గంటకు 60 కిలోమీటర్ల గాలి 200 చదరపు అడుగుల మీద ఎదురుగా తగిలితే 300 కిలోలకు పైగా తోపు పడుతుంది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. 2019 సెప్టెంబరులో చెన్నై పళ్ళికరణైలో బ్యానర్ మీద పడి, స్కూటీ మీద పోతున్న అమ్మాయి అదుపు తప్పి లారీ కింద చనిపోయింది. మీ ఇంటి కింద పిల్లలు తిరుగుతుంటారు.

అలిపిరి_మెట్టు
ఫ్లెక్సీకి అక్కడక్కడా అర్ధచంద్రాకారంలో కోస్తారు కదా, గాలి పోయేదానికి?

రేణిగుంట_సైన్‌బోర్డు
ఆ కోతలతో తగ్గే తోపు చానా తక్కువ, పైగా చిరుగు అక్కడే మొదలవుతుంది. గాలి ఎక్కువుండే చోట మెష్ వేయించాల, అది జల్లెడ రంధ్రాలుండే ఫ్లెక్స్. లేదంటే ఇనుప చట్రం చేయించి, గోడకు బోల్టులు దింపి, దానికి ఫ్లెక్స్ లాగి కట్టాల. మున్సిపాలిటీ అనుమతి గూడా తీసుకోండి.

కొర్లగుంట_ట్యూషన్
వెల్డింగ్ ఆయనకు ఫోన్ చేసినా, రేపు పొద్దున కొలతలకు వస్తానన్నాడు. అప్పటిదాకా బోర్డు దించి పెట్టేస్తా.

చర్చివీధి_మెడికల్స్
చిత్తూరు నుంచి. నాది వేరే సమస్య. మందుల షాపు పైన లైటు పెట్టె బోర్డు. పగలు రంగులు బాగుంటాయి, రాత్రి లోపల లైట్లు వేస్తే ఎర్రటి ప్లస్ గుర్తు గులాబీ రంగులోకి పోతుంది, ట్యూబులున్న చోట గీతలు కనిపిస్తాయి.

నల్లసిరా
ఫ్రంట్‌లిట్ ఫ్లెక్స్ (ముందు నుంచి వెలుగు పడేదానికి చేసింది) మీద మామూలుగా కొట్టుంటారు. పగలు వెలుగు సిరాలోంచి లోపలికి పోయి, తెలుపు మీద తగిలి, మళ్ళీ సిరాలోంచి బయటికి వస్తుంది, అంటే రెండుసార్లు వడపోత. రాత్రి వెనకనుంచి వచ్చే వెలుగు ఒక్కసారే దాటుతుంది, అందుకే రంగు పలచబడుతుంది. బ్యాక్‌లిట్ ఫ్లెక్స్ తీసుకోని, సిరా రెట్టింపు పడేట్టు బ్యాక్‌లిట్ ప్రొఫైల్ అనే సెట్టింగులో కొట్టమనండి. పగలు కొంచెం ముదురుగా కనిపిస్తుంది, దానికి సిద్ధపడాల.

చర్చివీధి_మెడికల్స్
ట్యూబుల గీతలకు?

రేణిగుంట_సైన్‌బోర్డు
ట్యూబులు తీసేసి ఎల్ఈడీ మాడ్యూళ్ళు పెట్టండి. పెట్టె లోతు ఎంతో, మాడ్యూళ్ళ మధ్య దూరం దానికి మించకూడదు. ఐదు అంగుళాల లోతుంటే ఐదు అంగుళాలకు ఒకటి. లోపలి గోడలకు తెల్ల పెయింటు వేయించండి, వెలుగు సమంగా పరుచుకుంటుంది. పవర్ సప్లై మాత్రం పెట్టె లోపల వేడిలో కాకుండా బయట, వాన తగలని చోట బిగించమనండి.